తోటి పైలట్ మనసు కుదురుగా లేనప్పుడు: పక్కన నిలబడటం ఎలా

"మా ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) నెల రోజులుగా ఎవరితోనూ కలవడం లేదు, నేనేం చేయాలి?" "మా తమ్ముడు పైలట్, చెన్నై బేస్‌లో (డ్యూటీలు మొదలయ్యే ఊళ్లో) ఉన్నాడు, నిద్ర పట్టడం లేదంటాడు, డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే లైసెన్స్ పోతుందని భయపడుతున్నాడు." తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు నుంచి పైలట్లయినవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే సంగతులన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మీరు డాక్టర్ కానక్కర్లేదు, కౌన్సెలర్ కానక్కర్లేదు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) బాధ, సిమ్ చెక్ (సిమ్యులేటర్‌లో పెట్టే పరీక్ష) టెన్షన్, మెడికల్ (లైసెన్స్ కోసం చేసే ఆరోగ్య పరీక్ష) ముందు రాత్రి గుబులు తనకూ తెలిసిన ఇంకో పైలట్ కూర్చుని వినడం, అవసరమైతే సరైన మనిషి దగ్గరికి చేర్చడం. పీర్ సపోర్ట్ అంటే ఇంతే. లైసెన్స్ మీదికి వచ్చాక మాట్లాడటం వేరు, రాకముందే మాట్లాడటం వేరు. ఈ రెండోది జరగాలనే నా తాపత్రయమంతా.

ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 2015 మార్చి 24న జర్మనీ సంస్థ జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే ఆల్ప్స్ కొండల్లో కూల్చేశాడు. 150 మంది పోయారు. అతను పనికి తగిన స్థితిలో లేడని డాక్టర్లు రాసిచ్చినా ఆ సంగతి సంస్థకు చేరలేదు. శిక్షణ కోసం చేసిన అప్పు, లైసెన్స్ పోతే బతుకేమిటన్న భయం గురించి ఫ్రెంచ్ దర్యాప్తు నివేదిక ప్రత్యేకంగా రాసింది. పొలం తాకట్టు పెట్టి కొడుకును పైలట్ చేసిన ఇళ్లు మన జిల్లాలో ఉన్నాయి కాబట్టి ఆ భయం ఎలాంటిదో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ నివేదిక తర్వాత యూరప్‌లో పైలట్లకు సపోర్ట్ ప్రోగ్రామ్ అందుబాటులో ఉంచడం విమాన సంస్థలకు తప్పనిసరి చేశారు. 2021 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కూడా 2023 ఫిబ్రవరి మెడికల్ సర్క్యులర్‌లో పీర్ సపోర్ట్ ఏర్పాటు చేయమని సంస్థలకు చెప్పింది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమాన ప్రమాదం జరిగాక, జూన్ 16న ఒక్క రోజే ఎయిర్ ఇండియాలో 112 మంది పైలట్లు సిక్ లీవ్ పెట్టారని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ 112 మందిలో ప్రతి ఒక్కరికీ మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండి ఉండాలని నా కోరిక.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

• తొందర లేని గంటన్నర సమయం. ఆ గంటన్నరా ఫోన్ సైలెంట్‌లో ఉండాలి.

• మీ సంస్థలో పీర్ సపోర్ట్ ఉంటే దాని నంబర్, అందులో శిక్షణ పొందిన పైలట్ల పేర్లు. అవసరం పడ్డ రాత్రి వెతుక్కోవడం కుదరదు, ఈ రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

• టెలి మానస్ నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అంబులెన్స్‌కు 108, పోలీసు సాయానికి 112.

• నమ్మకమైన మానసిక వైద్యులు ఎక్కడ ఉన్నారో ముందే తెలుసుకోవడం. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మన ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని మొహమాటపడితే, చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే. వాళ్ల మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఉంది.

• మీకూ నిద్ర ఉండాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చి ఎదుటివాళ్ల బాధ వినబోకండి. ఆవలిస్తూ వినేవాళ్లకు ఎవరూ రెండోసారి చెప్పుకోరు.

చేయాల్సిన పని, వరసగా

1. కొన్నాళ్లు గమనించండి.

ఒక్క రోజు చిరాకు చూసి నిర్ణయానికి రావద్దు. రెండు వారాలుగా మారినవి ఏమిటో చూడండి. హోటల్‌కు వెళ్లగానే గది తలుపు వేసుకోవడం, భోజనం మానడం, బ్రీఫింగ్‌లో చెప్పిందే మళ్ళీ అడగడం, చిన్న తప్పుకు తనను తాను తిట్టుకోవడం, లేఓవర్‌లో (డ్యూటీ మధ్య వేరే ఊళ్లో బస చేసినప్పుడు) తాగుడు పెరగడం, చివరి నిమిషంలో సిక్ కొట్టడం (ఒంట్లో బాగోలేదని సెలవు చెప్పడం), లేదా అస్సలు సెలవే పెట్టకపోవడం. వీటిలో నేను మొదట చూసేది నిద్ర. మిగతావన్నీ దాచగలరు, నిద్ర లేని ముఖాన్ని దాచలేరు.

మన ఊరివాళ్లలో ఇంకోటి కూడా చూడండి. తిరుపతివాడని తెలిస్తే బేస్ మొత్తం దర్శనానికి తయారవుతుంది. 2025 జూలై నుంచి వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది. కానీ అందులో చెన్నై నుంచి రాను పోను ఆరేడు గంటలు రోడ్డు మీదే అయిపోతే, మిగిలింది ఎవరి కుటుంబాన్నో కొండకు తిప్పడానికి సరిపోతే, ఆ మనిషి పడుకునేది ఎప్పుడు? ఇది పైకి చిన్న సంగతిలాగే ఉంటుంది. నెలల తరబడి సాగితే మనిషిని నలిపేస్తుంది.

2. చోటు జాగ్రత్తగా ఎంచుకోండి.

కాక్‌పిట్‌లో ఈ మాట ఎత్తకండి. అక్కడ చేయాల్సిన పని వేరే ఉంది. పైగా అక్కడి ప్రతి మాటా వాయిస్ రికార్డర్‌లోకి వెళుతుంది. రేణిగుంట విమానాశ్రయంలో దిగి మళ్ళీ ఎగిరే ఆ కాసేపట్లో కూడా వద్దు. సగం చెప్పి ఆగిపోయిన మాట మనసులో మెదులుతుండగా తర్వాతి సెక్టార్ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం) ఎగరాల్సి వస్తుంది. క్రూ బస్సులో అందరికీ వినిపిస్తుంది. వాట్సాప్‌లో అయితే స్క్రీన్‌షాట్ ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. వాట్సాప్‌ను "రేపు కలుద్దామా" అని అడగడానికి మాత్రమే వాడండి.

ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడవడం నయం. కళ్ళలోకి చూడాల్సిన ఇబ్బంది ఉండదు, మధ్యలో మౌనం వచ్చినా ఎబ్బెట్టుగా అనిపించదు. తిరుపతిలో అయితే ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దున నడక బాగుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లయితే అలిపిరి నుంచి మెట్లదారి. గాలిగోపురం దాకా ఎక్కుడులో ఆయాసంతో మాట సాగదు. అది దాటాక దారి చాలా దూరం చదునుగా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. నిద్ర లేక, తిండి లేక నీరసించిన మనిషిని మాత్రం మెట్లెక్కించకండి. ఇంట్లో మాట్లాడాలంటే మేడ మీదికి వెళ్లండి. హాల్లో అత్తో, పెద్దమ్మో అటూ ఇటూ తిరుగుతుంటే ఎవరూ నోరు విప్పరు.

కలవడం కుదరకపోతే ఫోన్. వేరే బేస్‌లలో ఉండేవాళ్లకు చాలాసార్లు అదే దారి. "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని ముందు అడిగి మొదలుపెట్టండి.

3. చూసింది చెప్పి మొదలుపెట్టండి.

"నీకు డిప్రెషన్ ఉన్నట్టుంది" అనకండి. మీరు కళ్లారా చూసిన ఒకటి రెండు సంగతులు చెప్పి ఆగండి. ఇలా:

"ఏం బావా, పోయిన వారం ఫోన్ చేస్తే ఎత్తలా. మొన్న భోజనం కూడా చేయకుండా రూముకు పోయినావు. నాకు మనసు కుదురుగా లేదు. ఏమైంది?"

ఎదుటివారు కెప్టెన్ అయితే, మీరు జూనియర్ అయితే:

"సార్, ఈ నెలంతా మీరు బాగా అలిసినట్టు కనిపిస్తా ఉండారు. మీకు ఇష్టమైతేనే చెప్పండి సార్. నేను వినేదానికే వచ్చినాను."

జూనియర్‌తో మనసు విప్పడానికి కొందరు కెప్టెన్లకు అహం అడ్డొస్తుంది. అప్పుడు పట్టుబట్టకండి. ఆయన బ్యాచ్‌వాళ్లలో ఎవరినైనా మాట్లాడమనండి. "సార్‌ను ఒకసారి పలకరించండి" అంటే చాలు, మీరు గమనించినవన్నీ వాళ్లకు వర్ణించి చెప్పకండి.

"ఏం లేదు, బాగానే ఉండా" అన్నారనుకోండి. వదిలేయండి, కానీ తలుపు తెరిచి ఉంచండి. "సరే. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు, అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్" అని చెప్పి, నాలుగైదు రోజుల తర్వాత మళ్ళీ పలకరించండి. మొదటిసారే చెప్పేవాళ్లు తక్కువ.

4. రహస్యం ఎంతవరకో మొదట్లోనే చెప్పండి.

చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెబుతున్నాను. "ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి. తర్వాత ప్రాణం మీదికి వచ్చే సంగతి బయటపడితే, మాట తప్పాల్సి వస్తుంది లేదా మౌనంగా ఉండిపోవాల్సి వస్తుంది. రెండూ తప్పే.

ఇలా చెప్పండి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. మేనేజ్‌మెంట్‌కు పోదు, మీ ఇంటికి పోదు. నీ ప్రాణానికో, ఎక్కిన జనానికో ప్రమాదం అనిపిస్తే మాత్రం ఒక్కణ్ణే మోయలేను, ఇద్దరం కలిసి ఎవరికి చెప్పాలో చూద్దాం." సూటిగా గీత గీసి చెప్పినవాళ్ల మీదే నమ్మకం ఎక్కువ కుదురుతుంది. సంస్థల పీర్ ప్రోగ్రామ్‌లు సక్రమంగా నడిచేచోట కూడా ఇదే పద్ధతి: పీర్‌ల వెనుక ఒక మానసిక వైద్య నిపుణుడు ఉంటాడు, రోస్టర్ వేసేవాళ్లకూ ప్రమోషన్ ఇచ్చేవాళ్లకూ పేర్లు తెలియవు.

డైరీలో పేరుతో ఏదీ రాసుకోకండి. "మా బేస్‌లో ఒకాయన" అంటూ ఇంకొకరికి ఉదాహరణగా కూడా చెప్పకండి. పైలట్ల లోకం చాలా చిన్నది, బేస్ పేరు, విమానం రకం చెబితే మనిషిని పట్టేస్తారు.

5. వినండి.

పదిహేను నిమిషాల పాటు సలహా ఇవ్వకుండా ఉండటం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. పైలట్లకు సమస్య కనిపించగానే చెక్‌లిస్ట్ తీయడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటును పక్కన పెట్టాలి. "తర్వాత?" "అప్పుడు నీకేమనిపించింది?" "ఇంట్లో ఎవరికైనా తెలుసా?" ఈ మూడు ప్రశ్నలు చాలాదూరం తీసుకెళ్తాయి. ఆయన చెప్పినదాన్నే మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి: "అంటే, ఈఎంఐ కంటే మీ నాయనకు ఏం చెప్పాలో తెలియకపోవడమే నిన్ను ఎక్కువ బాధిస్తోంది, అంతేనా?" సరిగ్గా పట్టుకుంటే అవతలి మనిషి భుజాలు దిగుతాయి. తప్పుగా పట్టుకున్నా నష్టం లేదు, ఆయనే సరిదిద్దుతాడు.

"నాకైతే ఇంకా ఘోరం జరిగింది" అని మీ కథ ఎత్తుకోకండి. "దేవుడి మీద భారం వెయ్" అన్నది మన ఊళ్లో అలవాటుగా వచ్చే మాట. భక్తి ఉన్నవాళ్లకు స్వామి దర్శనం నిజంగానే ఊరట. మొక్కుకోనివ్వండి, తలనీలాలు ఇవ్వనివ్వండి. కానీ అది డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఉండటానికి సాకు కాకూడదు. రెండూ చేయవచ్చు.

6. కష్టమైన ప్రశ్నను సూటిగా అడగండి.

"ఎందుకు బతకాలో తెలియడం లేదు", "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట వినిపిస్తే దాటేయకండి. "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని నెమ్మదిగా, స్పష్టంగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగే మనిషి దొరికినందుకు ఊపిరి తీసుకుంటారు.

అవునంటే మనిషిని ఒంటరిగా వదలకండి. అక్కడే కూర్చుని 14416కు ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి, లేదా వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఇప్పుడే ప్రమాదం అనిపిస్తే 108. ఇంట్లో ఒకరికి చెప్పక తప్పదు, ఎవరికి చెప్పాలో ఆయన్నే అడగండి. చట్టం గురించి భయపడితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆయన పక్షాన ఉందని చెప్పండి. చికిత్స వివరాల గోప్యత ఆ చట్టం ఇచ్చిన హక్కు.

7. రేపటి డ్యూటీ గురించి తేల్చండి.

ఎంత బాగా మాట్లాడుకున్నా ఇది తేలకుండా లేవకండి. పైలట్లందరికీ తెలిసిన "ఐ యామ్ సేఫ్" చెక్ ఉంది కదా: అనారోగ్యం, మందులు, ఒత్తిడి, మద్యం, అలసట, మనఃస్థితి. దాన్ని ఇద్దరూ కలిసి చదవండి. తర్వాత ఆయన్నే అడగండి: "రేపు మీ అమ్మ ఈ ఫ్లైట్‌లో ఉంటే, నీతో పాటు ఎగరనిస్తావా?" జవాబు ఆయన నోటి నుంచే రావాలి. ఒంట్లో బాగోలేదని తెలిసి ఎగరకూడదన్నది అంతర్జాతీయ నియమం కూడా, మనసు కూడా అందులో భాగమే. సిక్ కొట్టడానికి మొహమాటపడితే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. క్రూ కంట్రోల్‌కు (డ్యూటీలు చూసే విభాగానికి) కారణం వివరించక్కర్లేదు, డ్యూటీకి తగిన స్థితిలో లేనని చెబితే చాలు.

ఎగరలేని స్థితిలో ఉండి కూడా ఎగురుతానని మొండికేస్తే? సంస్థ పీర్ ప్రోగ్రామ్‌లోని నిపుణుడికి మీరే ఫోన్ చేయండి. అంతకుముందు "నేను ఫోన్ చేస్తున్నాను" అని ఆయనకు ముఖం మీద చెప్పండి. చాటుగా చేయవద్దు. ప్రోగ్రామ్ లేకపోతే కంపెనీ డాక్టర్‌కు చెప్పండి. 4వ మెట్టులో గీసిన గీత ఇదే.

8. డాక్టర్ దాకా తీసుకెళ్లండి.

ప్రతి బాధకూ డాక్టర్ అక్కర్లేదు. పెళ్లి గొడవ, సిమ్ చెక్‌లో తప్పడం, నాన్నకు ఆపరేషన్, ఇలాంటివి చాలావరకు మాట్లాడుకుని, నాలుగు రోజులు సెలవు పెట్టి, నిద్రపోతే సర్దుకుంటాయి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, ఆసక్తి తిరిగి రాకపోతే మాత్రం వెళ్లాలి.

అప్పుడు లైసెన్స్ భయం లేస్తుంది. "ఏం కాదులే" అని అబద్ధం చెప్పకండి. టెంపరరీ అన్‌ఫిట్ (కొన్నాళ్లు ఎగరకూడదన్న మెడికల్ తీర్పు) రావచ్చు. అయితే ఆ పేరులోనే ఉంది, అది తాత్కాలికం. చికిత్స తీసుకుని, పరీక్ష చేయించుకుని తిరిగి ఫిట్ తెచ్చుకునే దారి ఉంది. ముందే వెళ్తే ఆ దారి పొట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఎన్ని నెలలు పడుతుందో మాత్రం మీరు అంచనా చెప్పకండి, ప్రతి కేసూ వేరు.

మందుల విషయంలో ఒక గట్టి హెచ్చరిక. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్ర కొనుక్కోవడం, నిద్ర కోసం పెగ్గు వేయడం, రెండూ ఉద్యోగం పోగొట్టే పనులు. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మద్యం ముట్టకూడదు, బ్రెత్ అనలైజర్‌లో సున్నా రావాలి. డాక్టర్ మందు రాస్తే, తాను పైలట్‌నని మొదటి మాటగా చెప్పాలి. తర్వాత మెడికల్ ఎగ్జామినర్‌ను (పైలట్ల మెడికల్ చేసే డాక్టర్‌ను) అడిగేదాకా ఎగరకూడదు. మొదలుపెట్టిన మందును ఫ్లయింగ్ కోసం తనంతట తాను ఆపేయకూడదు.

ఇదే సమయంలో లాస్ ఆఫ్ లైసెన్స్ ఇన్సూరెన్స్ (ఆరోగ్యం వల్ల లైసెన్స్ పోతే డబ్బిచ్చే బీమా) కాగితాలు తీయించండి. మానసిక అనారోగ్యానికి కవర్ ఉందా, ఎన్నాళ్ల తర్వాత డబ్బు వస్తుంది, ఎన్ని రోజుల్లోపు సంస్థకు తెలపాలి అన్న మూడు సంగతులు చూడండి. సగం టెన్షన్ డబ్బుదే అయినప్పుడు, ఓదార్పు మాటల కంటే ఈ కాగితం ఎక్కువ పని చేస్తుంది.

9. మాట ఇచ్చిన రోజే మళ్ళీ ఫోన్ చేయండి.

"మళ్ళీ మాట్లాడుకుందాం" అని గాలికి వదలకండి. "శుక్రవారం సాయంత్రం చేస్తా" అని చెప్పి, ఆ సాయంత్రం చేయండి. ఇంత మాట్లాడాక మీరు మాయమైతే, "చెప్పి ఉండకూడదు" అనుకుంటారు. రెండోసారి ఇంకెవరికీ చెప్పరు.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆయన నవ్వాడని తృప్తిపడకండి, నవ్వడం అందరికీ వచ్చు. మూడు రోజుల తర్వాత చూడాల్సింది: రాత్రి కనీసం ఐదారు గంటలు నిద్రపోయాడా, డాక్టర్ అపాయింట్‌మెంట్ తనే తీసుకున్నాడా, ఇంట్లో ఒక్కరికైనా చెప్పాడా. రెండు వారాల తర్వాత: మీరు చేయకముందే తను ఫోన్ చేశాడా, రాబోయే రోజుల సంగతులు మాట్లాడుతున్నాడా. ఇవేవీ కనిపించకపోతే మీ ప్రయత్నం వృథా అయిందని కాదు, మీ చేతిలో ఉన్నదానికంటే పెద్ద సాయం కావాలని అర్థం. 8వ మెట్టుకు వెళ్లండి.

ఒక్క సంగతి మాత్రం భయపడాల్సింది. చాలాకాలం కుంగిపోయి ఉన్న మనిషి ఉన్నట్టుండి చాలా ప్రశాంతంగా మారి, అప్పులు తీర్చడం, వస్తువులు పంచడం మొదలుపెడితే, "బాగుపడ్డాడు" అనుకోకండి. అదే రోజు వెళ్లి 6వ మెట్టులోని ప్రశ్న అడగండి.

మిమ్మల్ని కూడా చూసుకోండి. ఎదుటివారి బాధ విన్న రాత్రి మీకు నిద్ర పట్టకపోతే, మరుసటి రోజు మీ ఫిట్‌నెస్ మీరే తేల్చుకోవాలి. పేరు చెప్పకుండా ఒక నిపుణుడితో మాట్లాడుకోండి. ఒకేసారి ఇద్దరు ముగ్గురి భారం నెత్తిన వేసుకోకండి.

సంస్థలో పీర్ ప్రోగ్రామ్ లేనివాళ్లు, ఉద్యోగం రానివాళ్లు

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతిలో పెట్టుకుని, 200 గంటల ఫ్లయింగ్ పూర్తి చేసి, ఇంటి దగ్గర కూర్చున్న పిల్లలు మన వైపు ఉన్నారు. నా దృష్టిలో అందరికంటే ఒంటరివాళ్లు వీళ్లే. ఉద్యోగం లేదు కాబట్టి సంస్థ లేదు, సంస్థ లేదు కాబట్టి ప్రోగ్రామ్ లేదు. బజారుకు వెళ్తే "ఏం నాయనా, ఇంకా ఫ్లైట్ ఎక్కలేదా?" అని అడిగేవాళ్లే. ఇలాంటివాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. పెద్ద గ్రూపు వద్దు, అందులో ఎవరికి ఇంటర్వ్యూ వచ్చిందన్న పోలికే నడుస్తుంది. వారానికి ఒకసారి ఇద్దరిద్దరు మాట్లాడుకోండి. మొదటి అరగంట ఉద్యోగాల మాట ఎత్తకూడదని నియమం పెట్టుకోండి. పైన చెప్పిన 4, 6 మెట్లు మీకూ అలాగే వర్తిస్తాయి. ఉద్యోగంలో ఉన్న ఒక సీనియర్‌ను నెలకోసారి మాట్లాడమని అడగండి, మన ఊరివాళ్లు అడిగితే కాదనరు.

అమ్మానాన్నలకు

మీ అబ్బాయో అమ్మాయో "ఈసారి ఇంటికి వచ్చి ఊరికే పడుకుంటాను" అంటే పడుకోనివ్వండి. ఆ రెండు రోజులూ చుట్టాలను పిలవకండి, దర్శనం ఏర్పాట్లు నెత్తిన పెట్టకండి, పెళ్లి సంబంధాల ఫోటోలు చూపించకండి. అప్పు ఎంత మిగిలిందో మీరే ఒక కాగితం మీద రాసి, "ఆరు నెలలు జీతం రాకపోయినా ఇలా నెట్టుకొస్తాం" అని లెక్క చూపించండి. నోటి మాటగా "మాకేం ఇబ్బంది లేదు" అంటే నమ్మరు. డాక్టర్‌కు చూపించుకుంటానంటే "పైలట్‌కు అలాంటివా!" అనకండి. ఏ రోజు అపాయింట్‌మెంటో అడిగి, తోడు రమ్మంటే వెళ్లండి, వద్దంటే బస్సు ఎక్కించి రండి.